పెంటికాయ తూకం

మహదేవపూర్ విత్తన కేంద్రంలో
రేకుల షెడ్డు కింద
కాకతీయ నుంచి మోసుకొచ్చిన నా తూకం మిషన్‌కు
ఈగ వాలినా అంకెలు వణికేవి.
తలుపు మూసి, ఫ్యాను ఆపి, ఊపిరి బిగబట్టి
ఒక్కో దసలి కాయను పెట్టేదాన్ని.
పన్నెండు గ్రాముల నాలుగు.
తొమ్మిది గ్రాముల ఒకటి.

పక్కనే గోనెపట్టా మీద బుచ్చక్క.
పేరుకే బుచ్చి,
లేచి నిలబడితే రేకు నెత్తికి తాకుతుంది.
కాయను అరచేతిలో ఒక్కసారి ఎగరేసి
"పోతు" అని ఎడమ గంపలోకి
"పెంటి" అని కుడి గంపలోకి.
నేను ఇరవై తూచేలోపు ఆమెవి రెండు వందలు.
నమ్మలేక కొన్ని కోసి చూశాను:
ఆమెకు నూటికి మూడు తప్పులు,
నా మిషన్‌కు ఐదు.

"పెంటి ఎందుకక్కా గింత పెద్దగ?"
"కడుపు మేడం. రెండు వందల గుడ్లు ఏడ దాస్తది మరి?"
నా పుస్తకంలో ఇదే ముక్క
ఆరు పేజీలు, రెండు గ్రాఫులు.

పోతు సంగతి నేను చెప్పాను.
రెక్కలొచ్చాక ఆ జీవికి నోరే ఉండదక్కా,
పురుగుగా ఉన్నప్పుడు మేసిన మద్దాకే
చచ్చేదాకా సద్దిమూట.
పోతుకు యుద్ధం లేదు, వెతుకులాటే.
ఈకల్లాంటి మీసాలతో చీకట్లో వాసన పట్టుకుని
ముందు చేరినదే తండ్రి.
ఇంకో నాలుగు రోజులు మేస్తే ఇంకాస్త పెరుగుతుంది,
కానీ అప్పటికి పెళ్లి అయిపోయి ఉంటుంది.

బుచ్చక్క పడీపడీ నవ్వింది.
"మరి మా పెంటకుప్పల కొమ్ముపురుగు?
దాంట్ల పోతే గద మేడం పెద్దది,
నెత్తిన నాగలి పెట్టుకున్నట్టు!"
అక్కడ వాకిట్లో కొట్లాట ఉంది, అన్నాను,
గెలిచినోడిదే ఇల్లు.
"అట్లనా. కొట్లాట లేని ఇంట్ల
మొగోడు ఎంతుంటే ఏంది."
ఓదెలు, ఆమె భుజం దాకా వచ్చే మనిషి,
వడిసెలకు తాడు పేనుతూ
వినబడనట్టు దగ్గాడు.

నా చిక్కు మాత్రం విడలేదు.
పెద్దదైతే గుడ్లెక్కువ, సరే.
మరి పెంటికాయ ఇరవై గ్రాములెందుకు కాలేదు?
పిడికిలంత, కొబ్బరికాయంత ఎందుకు కాలేదు
ఇన్ని వేల తరాల్లో?
ఎవరు ఆపారు?

ఆమె ఏమీ అనలేదు.
మర్నాడు తెల్లారకముందే లేపి
అన్నారం దాటాక, అడివి అంచున
వెనకబడ్డ తోటకు తీసుకుపోయింది.
నల్లమద్ది కొమ్మలకు పోతులు అప్పటికే
గట్టి కాడలతో వేలాడుతున్నాయి,
గడియపెట్టుకున్న ఇళ్లలా.
పెంటి పురుగులు ఇంకా మేస్తూనే ఉన్నాయి.
బొటనవేలికన్నా లావు, ఆకుకన్నా పచ్చన,
కొరుకుతుంటే చెట్టంతా సన్నటి తుంపర చప్పుడు.

ఆ చప్పుడు కాకులకూ తెలుసు.
కందిరీగలకూ తెలుసు.
ఓదెలు చెట్టుచెట్టుకూ తిరుగుతున్నాడు,
కళ్లు చింతనిప్పులు.
"గీ నాలుగొద్దులు మా ఆయనకు నిద్రుండది,"
అంది బుచ్చక్క.
"లావైనకొద్దీ కాకికి కానొస్తది. గంతే."

నోట్‌బుక్ తీశాను.
మంచుకు కాగితం మెత్తబడి కలం జారింది.
అప్పుడే నల్లగా ఏదో దిగింది, లేచింది.
వడిసెల రాయి ఖాళీ కొమ్మకు తగిలింది.
"పాయె," అన్నాడు ఓదెలు,
"రెండు వందలు పాయె."

షెడ్డుకొచ్చి మిషన్ ముందు కూర్చున్నాను.
మూడు నెలల అంకెలు, పద్దెనిమిది వందల కాయలు.
అన్నీ కాకి వదిలేసినవే.
కాకి ఎత్తుకుపోయినవి ఎన్ని గ్రాములు?
ఏ మేర దాటాక దాని కన్ను పడింది?

పట్టిక చివర ఇంకో గడి గీశాను.
పైన ఏం రాయాలో తోచక
బుచ్చక్కను అడిగాను.
ఆమె వినలేదు,
కళ్లు మూసుకుని చేతిలోని కాయను
మెల్లగా ఎగరేస్తోంది.